పిల్లల కంటితో చెప్పే కథలో ఇంటి గుట్టు ఎక్కడ దాగాలి?

తొలిచిత్తు:

ఏడాదిగా ఒక నవలిక రాస్తున్నాను. కథ చెప్పేది తొమ్మిదేళ్ళ అమ్మాయి. పెద్దమ్మ కొడుకుగా ఎరిగి, అన్నయ్యా అని ఆమె పిలిచే అబ్బాయి నిజానికి ఆమెకు సొంత అన్నయ్యే. ఆమె పుట్టకముందే తల్లిదండ్రులు అతణ్ణి పెద్దమ్మకు పెంపకానికి ఇచ్చేశారు. ఇంట్లో పెద్దలందరికీ తెలిసిన విషయమే గానీ, దాని గురించి ఎవరూ నోరు విప్పరు. ఏడో అధ్యాయంలో ఆ అమ్మాయికి బీరువా అడుగున ఒక పాత ఉత్తరం దొరుకుతుంది. గుట్టు అక్కడ బయటపడుతుంది.

చిత్తుప్రతిని నలుగురికి ఇచ్చి చదవమన్నాను. ముగ్గురు మూడో పేజీలోనే కనిపెట్టేశారు. మూడో పేజీలో నేను రాసిందల్లా ఇంతే: తొందరలో కూతుర్ని పిలిచేటప్పుడు తల్లి నోట ముందుగా మరో పేరులోని మొదటి అక్షరం వస్తుంది, ఆ తర్వాతే కూతురి పేరు వస్తుంది. ఒక్కతే సంతానమైన ఆ పిల్ల, తల్లులందరూ పిల్లల పేర్ల ముందు అలా ఒకసారి తడబడతారనే అనుకుంటుంది. ఈ వివరం నాకు చాలా ఇష్టం. కానీ గుట్టు రట్టవుతున్నదీ దీనివల్లే. దీన్ని తీసేసి రహస్యాన్ని ఇంకా లోతుగా దాచాలా, లేక పాఠకుడు ముందే ఊహించడం అసలు లోపమే కాదా? బాల్యం గురించిన కథలు రాసేవారూ, ఇష్టంగా చదివేవారూ చెప్పగలరు.

కత్తెర:

చాలా ఏళ్ళుగా ఇతరుల చిత్తుప్రతులు దిద్దుతున్నాను కాబట్టి కొంచెం కటువుగా చెబుతాను. తాళం వేసిన పెట్టె, ఒకవైపు కత్తిరించిన ఫోటో, బీరువా అడుగున ఉత్తరం: ఈ మూడింటిలో ఒక్కటైనా లేని కుటుంబ రహస్యపు కథ నా బల్ల మీదికి రావడం అరుదు. మీరు తీసేయవలసింది ఆ తడబడే అక్షరాన్ని కాదు, ఉత్తరాన్ని. అది అరిగిపోయిన సరుకు కావడం ఒక్కటే కారణం కాదు. ఉత్తరం ఒక పెద్దమనిషి మరో పెద్దమనిషికి రాసింది. జరిగినదంతా అందులో నిండు వాక్యాలలో ఉంటుంది. ఆరు అధ్యాయాల పాటు ఆ పిల్ల తన కళ్ళతో చూసి, చెవులతో విని పోగుచేసుకున్నదంతా దాని ముందు ఎందుకూ కొరగాకుండా పోతుంది.

ఊహించడం సంగతికి వస్తే, 1860, 61 సంవత్సరాలలో ధారావాహికగా వెలువడిన డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను గుర్తు చేసుకోండి. కథ చెప్పే పిప్ అప్పటికి పెద్దవాడు, తనకు డబ్బు పంపినది ఎవరో అతడికి మొదటి పేజీ రాసేనాటికే తెలుసు. అయినా అతడు అబద్ధం ఆడడు. తన చిన్నతనంలో ఒక పానశాలలో ఎవరో కొత్త మనిషి గ్లాసులోని మద్యాన్ని చెంచాతో కాకుండా ఆకురాయితో కలిపాడని, అదీ తనకొక్కడికే కనిపించేలా కలిపాడని చెబుతాడు. పారిపోయిన ఖైదీకి సంకెళ్ళు తెంచుకోవడానికి పిప్ దొంగతనంగా తెచ్చిచ్చిన ఆకురాయి అది. డబ్బు పంపినదీ ఆ ఖైదీయే. పాఠకుడు అక్కడే సూత్రం పట్టుకోవచ్చు, పట్టుకోకపోవచ్చు. పట్టుకున్నా నవల చెడదు, ఎందుకంటే పిప్ ఎందుకు పట్టుకోలేకపోయాడన్నదే అసలు కథ. తనను ఆదరిస్తున్నది ఒక ధనవంతురాలేనని నమ్మడం అతడికి అవసరం. మీ అమ్మాయికి దేన్ని నమ్మడం అవసరమో ముందు తేల్చుకోండి.

పాతపాఠకుడు:

కత్తెర గారు అంత దూరం వెళ్ళారు కానీ, ఈ ప్రశ్నకు జవాబు మనం చిన్నప్పటి నుంచి వింటున్న కథలోనే ఉంది. కర్ణుడి పుట్టుక ఆదిపర్వం నుంచే మనకు తెలుసు. ఉద్యోగపర్వానికి కర్ణుడికీ తెలిసిపోతుంది. తెలియనిది పాండవులకే. యుద్ధం ముగిసి, పోయినవారికి తర్పణాలు విడిచే వేళ కుంతి బయటపెట్టేదాకా ధర్మరాజుకు ఆ సంగతి తెలియదు. రహస్యం మనకు తెలిసినందువల్ల ఆ కథ ఎక్కడైనా చప్పబడిందా?

నాకు ఎప్పుడూ గుర్తుండిపోయేది మాత్రం ఆ తర్వాతి ఘట్టం. శాంతిపర్వం మొదట్లో ధర్మరాజు నారదుడితో తన గోడు చెప్పుకుంటాడు. జూదసభలో కర్ణుడు పరుషంగా మాట్లాడినప్పుడు తనకు ఎక్కడలేని కోపం వచ్చిందనీ, కానీ అతడి పాదాల వంక చూడగానే ఆ కోపం చల్లారిపోయిందనీ, ఆ పాదాలు తన తల్లి పాదాలలాగే ఉన్నాయనీ, అలా ఎందుకున్నాయో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదనీ అంటాడు. ఇందులో దాచిపెట్టినది ఏదీ లేదు. పాదాలు నిండు సభలో అందరికీ కనబడుతూనే ఉన్నాయి. చూశాడు, పోలిక కూడా గుర్తించాడు, అయితే దాన్ని ఏమని పిలవాలో తెలియలేదు. మీ కథలో ఆ తడబడే అక్షరం అచ్చంగా కర్ణుడి పాదాల వంటిది. దాన్ని తీసేస్తే కథే ఉండదు.

(ఆ సందర్భంలోనే ధర్మరాజు ఆడవారి నోట రహస్యం దాగకుండుగాక అని శపించాడంటారు. నోట్లో నువ్వుగింజ నానదన్న మాటను ఆ శాపంతో ముడిపెడతారు. ఒక జీవితకాలం గుట్టును కడుపులో దాచుకున్న తల్లి ఎదురుగా నిలబడి ఉండగా అలాంటి శాపం పెట్టడం ఎంత విడ్డూరమో ఎవరూ ఆలోచించినట్టు లేదు.)

మలుపు:

నేను ఒప్పుకోను. పురాణం సంగతి వేరు, అది వినేవారికి ముందే తెలిసిన కథ. కొత్త నవల చేతికి తీసుకున్న పాఠకుడు ఏడు అధ్యాయాలు ఓపికగా ఎదురుచూస్తాడు. చివరికి అతడికి ఏదో ఒక ద్వారం తెరుచుకోవాలి. ఈ మధ్య వస్తున్న కథలు చాలావాటిలో రహస్యం ఉన్నట్టు నూరు సూచనలు ఇచ్చి, చివర రచయిత మౌనం వహించి తప్పుకుంటున్నాడు. దానికి సూక్ష్మత అని పేరు పెడుతున్నారు. ఉత్తరం పాతబడిందంటే సరే, కానీ బయటపడే క్షణమే వద్దంటే అది పాఠకుడికి బాకీ ఎగ్గొట్టడమే.

జ్ఞాపకాలజోలె:

జ్ఞాపకశక్తి గురించి చదువుకున్నదాన్ని కాబట్టి సాహిత్యం వైపు నుంచి కాకుండా ఆ వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

మొదటిది వయసు గురించి. ఒక రహస్యాన్ని రహస్యంగా గుర్తించాలంటే, నాకు తెలిసింది ఎదుటివారికి తెలియకపోవచ్చునన్న ఎరుక పిల్లలకు ఏర్పడాలి. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న కథతో దీన్ని పరీక్షించారు. ఒక పిల్లవాడు చాక్లెట్‌ను ఒక అరలో పెట్టి బయటకు వెళతాడు, అతడు లేనప్పుడు తల్లి దాన్ని మరో అరలోకి మారుస్తుంది, తిరిగి వచ్చిన పిల్లవాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు చాక్లెట్ ఇప్పుడు ఉన్న చోటునే చూపిస్తారు. నాలుగైదేళ్ళు దాటుతున్నకొద్దీ, అతడు తాను పెట్టిన చోటే వెతుకుతాడని చెప్పగలుగుతారు. తొమ్మిదేళ్ళ అమ్మాయి ఈ మెట్టు ఎప్పుడో దాటింది. తాను గుమ్మంలోకి రాగానే పెద్దల మాట తెగిపోయిందని ఆమెకు తెలుస్తుంది, వాళ్ళు దాస్తున్నారనీ తెలుస్తుంది. అందుచేత మీ కథకురాలిని మరీ అమాయకురాలిగా చూపిస్తే నమ్మశక్యంగా ఉండదు. ఆమెకు తెలియనిది విషయం మాత్రమే, దాపరికం కాదు.

రెండోది నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో అధ్యయనం చేసిన జాన్ పియాజేకు తన రెండో ఏట జరిగిన సంఘటన ఒకటి స్పష్టంగా గుర్తుండేది. పారిస్‌లోని షాంజెలిజే వీధిలో ఆయా తనను బండిలో కూర్చోబెట్టి తోసుకెళుతుండగా ఒకడు తనను ఎత్తుకుపోబోయాడు. ఆయా అడ్డుపడింది, ఆమె ముఖం మీద గీతలు పడ్డాయి, పొట్టి అంగీ వేసుకుని తెల్లని లాఠీ పట్టుకున్న పోలీసు రాగానే వాడు పారిపోయాడు. ఆ గీతలు ఎక్కడ పడ్డాయో కూడా ఆయన కళ్ళకు కట్టినట్టు చెప్పగలిగేవాడు. ఆయనకు సుమారు పదిహేనేళ్ళు వచ్చినప్పుడు ఆయా దగ్గర నుంచి తల్లిదండ్రులకు ఉత్తరం వచ్చింది. ఆమె మతమార్గం పట్టి, పాత తప్పులు ఒప్పుకోదలచింది. ఆ కథంతా తానే కల్పించానని, గీతలు కూడా తానే పెట్టుకున్నానని రాసి, అప్పట్లో బహుమతిగా అందుకున్న గడియారాన్ని తిరిగి పంపేసింది. ఇంట్లో పెద్దలు చెప్పుకోగా విన్న కథ పిల్లవాడిలో కళ్ళారా చూసిన దృశ్యంగా మారిపోయిందన్నమాట.

ఇది పియాజే ఒక్కడి వింత కాదు. 1995లో లాఫ్టస్, పిక్రెల్ ప్రచురించిన ప్రయోగంలో 24 మంది పెద్దవాళ్ళకు వారి బాల్యం నుంచి నాలుగు సంఘటనలు గుర్తు చేశారు. మూడు నిజమైనవి, కుటుంబసభ్యుల నుంచి సేకరించినవి. నాలుగోది, అయిదేళ్ళ వయసులో దుకాణ సముదాయంలో తప్పిపోయారన్నది, కల్పితం. తరువాతి ముఖాముఖిలలో కూడా 6 గురు దాన్ని పూర్తిగానో కొంతమేరకో గుర్తున్నట్టే చెప్పారు. కుటుంబం జ్ఞాపకాలను దాచడమే కాదు, నాటనూ గలదు. ఇంటి గుట్టు గురించి రాసేవారు దాచడం మీదనే దృష్టి పెట్టి ఈ రెండోదాన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

రెండుభాషలు:

జ్ఞాపకాలజోలె గారు చెప్పిన ఆయా కథ చదువుతుంటే నాకు వెంటనే తట్టినది ఒక్క అక్షరం: ‘ట’.

నేను అనువాదాలు చేస్తుంటాను. మన భాషలో ఒక సంగతిని స్వయంగా చూశామో, ఎవరైనా చెప్పగా విన్నామో క్రియ చివర తెలిసిపోతుంది. ‘ఆయా అడ్డుపడింది’ అంటే చూసిన మాట, ‘అడ్డుపడిందట’ అంటే విన్న మాట. ఇంగ్లీషులో రాసేవాడు ఈ తేడా చూపించాలంటే ప్రతిసారీ ‘అని విన్నాను’, ‘అని చెప్పుకునేవారు’ వంటి మాటలు తగిలించాలి, పైగా అవి పేజీలో బరువుగా కనిపిస్తాయి. మనకు ఒక్క అక్షరం చాలు, పాఠకుడి కన్ను దాని మీద ఆగను కూడా ఆగదు. పియాజే తెలుగువాడై ఉంటే, అతడి బాల్యంలో ఏదో ఒక రోజున ఆ కథ చివరి నుంచి ‘ట’ రాలిపోయి ఉంటుంది. ఏ రోజున రాలిందో అతడికే తెలియదు. తొలిచిత్తు గారూ, మీ అమ్మాయి కథనంలో ఎక్కడ ‘ట’ ఉంది, ఎక్కడ లేదు, ఎక్కడ ఉండవలసి ఉండీ లేదు అన్నది ఒకసారి ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ చదవండి.

ఇంకో సంగతి. మనకు ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. వింటున్న మనిషిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. తల్లి కూతురితో ఎప్పుడైనా పొరపాటున ‘అప్పట్లో మేము ముగ్గురం’ అందనుకోండి. ఆ ముగ్గురిలో కూతురు లేదని చెప్పడానికి వేరే ఆధారం అక్కరలేదు. ఆ పిల్లకు వ్యాకరణం ఎవరూ నేర్పలేదు, కానీ ఆమె చెవికి తెలుసు. లెక్క వేసుకోవడానికి మనసు ఒప్పుకోకపోవడం వేరే సంగతి.

అన్నిటికంటే ముఖ్యం, మీ కథలో బంధుత్వమే ఒక గొప్ప దాపరికం. పెద్దమ్మ కొడుకు మన భాషలో ఎలాగూ అన్నయ్యే. కాబట్టి ఈ గుట్టు కాపాడటానికి ఆ ఇంట్లో ఎవరూ ఆ అమ్మాయికి ఒక్క అబద్ధం కూడా చెప్పవలసిన పని లేదు. అన్నయ్య అనమన్నారు, అంది. ఇదే కథను ఇంగ్లీషులో రాస్తే మొదటి వాక్యంలోనే ఒక పదం ఎంచుకోవాలి, ఎంచుకోగానే అబద్ధం మొదలవుతుంది. కనుక మీ కథలో ఇబ్బంది పడేది ఆ అమ్మాయి పిలుపు కాదు, ఆ అబ్బాయి పిలుపు. కన్నతల్లిని అతడు పిన్నీ అని పిలవాలి. అతడికి విషయం తెలుసా?

తొలిచిత్తు:

తెలుసు. అతడికి నాలుగేళ్ళు నిండాక ఇచ్చారు, కాబట్టి కొంత గుర్తుంటుంది. కానీ నేను ఇంతవరకు ఒక్క పేజీలో కూడా అతణ్ణి ఆ తల్లి చేత గానీ, ఆ తల్లిని అతడి చేత గానీ పిలిపించలేదు. ఎందుకు పిలిపించలేదో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నాకు తెలియకుండానే నా చెయ్యి దాన్ని దాటేసింది.

మరో సందేహం కూడా ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల నేను అంటూ చెప్పుకుపోతే ఆమెకున్న మాటలు సరిపోవడం లేదు. నాకు చెప్పాలని ఉన్న సంగతి ఆమె భాషలో ఇమడదు. పెద్దయ్యాక గుర్తు చేసుకుంటున్నట్టు రాస్తే భాష దొరుకుతుంది కానీ, అప్పుడు ఆమెకు అన్నీ తెలిసిపోయినట్టే కదా.

కత్తెర:

ఇది పాత చిక్కే, దీనికి కనీసం మూడు దారులు వేసి ఉన్నాయి.

హెన్రీ జేమ్స్ 1897లో ‘వాట్ మైసీ న్యూ’ రాసినప్పుడు విడిపోయిన తల్లిదండ్రుల మధ్య అటూ ఇటూ తిరిగే చిన్నపిల్లను తీసుకున్నాడు. కథ ఆమె నోట చెప్పించలేదు. చూపు ఆమెది, మాటలు రచయితవి. తర్వాత 1908 నాటి ముందుమాటలో కారణం చెప్పుకున్నాడు. పిల్లలకు తట్టే సంగతులు చాలా ఉంటాయి, వాటిని చెప్పడానికి వారి దగ్గరున్న మాటలే తక్కువ. అందువల్ల పిల్ల పదాలకే కట్టుబడితే ఆమెకు తెలిసినదానిలో చాలా భాగం జారిపోతుందని అతడి వాదన. ఈ దారిలో ప్రమాదం ఏమిటంటే, రచయిత తెలివి పిల్ల నెత్తిన గొడుగులా నిలబడిపోతుంది.

హార్ట్‌లీ 1953లో రాసిన ‘ది గో-బిట్వీన్’ రెండో దారి పట్టింది. అరవై దాటిన మనిషి తన పాత డైరీ తెరిచి, 1900 వేసవిలో స్నేహితుడి ఇంట అతిథిగా గడిపిన రోజులను గుర్తు చేసుకుంటాడు. పదమూడో పుట్టినరోజుకు చేరువగా ఉన్న ఆ కుర్రవాడు ఆ ఇంటి అమ్మాయికీ, పక్క పొలం రైతుకీ మధ్య ఉత్తరాలు మోస్తాడు. వాటిలో ఏముందో తెలియకుండానే మోస్తాడు, ఒకసారి అంటించకుండా ఇచ్చిన ఉత్తరాన్ని చదివేదాకా. గమనించండి, అక్కడా ఉత్తరాలే ఉన్నాయి కానీ అవి బీరువాలో దొరికినవి కావు, పిల్లవాడి జేబులో ఉన్నవి. గుట్టును మోస్తున్నది అతడే. మీ ఉత్తరానికీ ఆ ఉత్తరాలకూ తేడా అక్కడ ఉంది.

మూడో దారి, పిల్ల మాటలతోనే రాసి, ఆమె వద్ద మాట లేని చోట వస్తువును మాత్రం చూపించి ఊరుకోవడం. అన్నిటికంటే కష్టమైనదీ, మీ కథకు సరిపోయేదీ ఇదేనని నా ఉద్దేశం. పెద్దయ్యాక చెబుతున్నట్టు రాసినా తప్పులేదు, అప్పటి అర్థాలను ఇప్పటి అర్థాలతో దిద్దకుండా ఉండగలిగితే. ‘ఆ తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే’ అన్న మాట ఒక్కసారి రాసినా మళ్ళీ మళ్ళీ రాయవలసి వస్తుంది.

పేరొద్దు:

రాయడం ఎలాగో అందరూ చెబుతున్నారు, రాసిన తర్వాత ఏమవుతుందో ఒకరైనా చెప్పాలి కదా. మా కుటుంబంలో తరం క్రితం జరిగిన ఒక సంగతిని నేను కథగా రాశాను. పేర్లు మార్చాను, వృత్తి మార్చాను, ఆడమనిషిని మగవాడిగా మార్చాను. కథ ఒక పత్రికలో వచ్చింది. మా దగ్గరి బంధువు ఒకామె దాన్ని చదివి, అది తన సంగతేనని ఒక్క వివరంతో పోల్చుకుంది. చేతి గడియారానికి కీ ఇచ్చేటప్పుడు ఆ పాత్ర కింది పెదవి కొరుక్కుంటుంది. అంత చిన్నది మార్చాలని నాకు తట్టలేదు, తట్టినా మార్చేవాడిని కాదేమో, ఆ కథలో బాగున్నది అదొక్కటే. ఆమె నాతో నాలుగేళ్ళు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది, కానీ నేను ఎదురుగా ఉంటే గడియారం తీసి పక్కన పెట్టేస్తుంది. ఇంటి గుట్టు లంకకు చేటన్న మాట మనకు ఊరికే రాలేదు.

పాతపాఠకుడు:

పేరొద్దు గారూ, మీ బాధ అర్థమైంది. ఆ సామెత మాత్రం నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెడుతుంది. లంక చెడింది గుట్టు బయటికి పొక్కినందువల్లా, గుట్టుగా ఉంచవలసిన పని అక్కడ జరిగినందువల్లా? సామెత మొదటిదే అంటుంది, కథ రెండోది కూడా చెబుతుంది. అయినా ఇది మీ గడియారానికి జవాబు కాదని నాకు తెలుసు.

కత్తెర:

గుట్టు ఎవరిదన్నది నేను చూసే మొదటి విషయం. దాచినవారిదా, ఎవరి నుంచి దాచారో వారిదా? పెంపకానికి వెళ్ళిన పిల్లవాడి పుట్టుక తల్లిదండ్రుల గుట్టు ఎంతో అతడి జీవితం కూడా అంత. అతడు రాస్తే ఒక లెక్క, చెల్లెలు రాస్తే ఒక లెక్క, ఆ ఇంటికి సంబంధం లేనివాడు రాస్తే మరో లెక్క. తొలిచిత్తు గారి కథ పూర్తిగా కల్పితమే అయితే ఈ బెడద లేదు. కాకపోతే ముందే ఆలోచించుకోవడం మంచిది. నేను అడగడం లేదు, మీరూ చెప్పవద్దు.

తొలిచిత్తు:

చెప్పను.

మూడు వారాలు పట్టింది. ఉత్తరాన్ని తీసేశాను. పేరుకు ముందు తడబడే అక్షరాన్ని ఉంచాను. మలుపు గారు అన్న బాకీ నా మనసులో ఉంది కాబట్టి బయటపడే సన్నివేశాన్ని కూడా ఉంచాను, అయితే అది ఇప్పుడు ఆరో అధ్యాయం మధ్యలో వస్తుంది. పెద్దమ్మ ఏదో చెప్పబోయి ఆగుతుంది, ఆ పిల్ల ‘నాకు తెలుసు’ అంటుంది, పెద్దమ్మ నమ్మి మిగతాదంతా చెప్పేస్తుంది. ఆ అధ్యాయం ఇంకా కుదరలేదు. రెండో అధ్యాయం మొదలు మాత్రం ఇలా మారింది:

‘అన్నయ్య సెలవులకు వచ్చేవాడు. పెద్దమ్మను అమ్మా అనేవాడు. నాన్నను బాబాయ్ అనేవాడు. నన్ను పొట్టీ అనేవాడు. అమ్మను ఏమీ అనేవాడు కాదు. ఏదైనా కావలసివస్తే వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడేవాడు. అమ్మ తనంతట తాను ఇటు తిరిగేదాకా అలాగే ఉండేవాడు. ఒక్కోసారి చాలాసేపు. అమ్మ చేతిలో పని ఆగిపోయేది కానీ ఆమె వెంటనే తిరిగేది కాదు. వాళ్ళిద్దరూ ఏదో ఆట ఆడుతున్నారనుకుని నేనూ అతడి వెనకాల వెళ్ళి చప్పుడు కాకుండా నిలబడేదాన్ని.

నేను పుట్టకముందు మేము ముగ్గురం వేరే ఇంట్లో ఉండేవాళ్ళమని అమ్మ ఒకసారి అంది. ముగ్గురెవరని అడిగాను. ఇద్దరమే అందట, నేనే తప్పు విన్నానట. ఆ ఇంటి వరండాకు ఎర్రటి గచ్చు ఉండేదట. నీళ్ళు పడితే జారేదట. అన్నయ్య అక్కడ జారిపడ్డాడు. గడ్డం కింద మచ్చ అదే.’

మలుపు:

ఉత్తరం లేకపోయినా లోటు తెలియడం లేదని ఒప్పుకుంటున్నాను. ఆరో అధ్యాయం చూశాక మళ్ళీ మాట్లాడతాను.

జ్ఞాపకాలజోలె:

ఆ మచ్చ సంగతి ఆమెకు ఎవరు చెప్పారు? గచ్చు గురించీ, నీళ్ళ గురించీ విన్నదని తెలుస్తోంది. పడిన సంగతి విన్నట్టు లేదు, అలాగని చూసే వీలూ లేదు, ఆమె అప్పటికి పుట్టనే లేదు. అన్నయ్యే చెప్పి ఉండాలి. లేదా మచ్చనూ గచ్చునూ ఆమే కలుపుకుని ఉండాలి. రెండోదే అయితే, ఆమెకు తెలిసిపోయిందన్నమాట.

రెండుభాషలు:

‘ఉండేదట, జారేదట, జారిపడ్డాడు.’ మూడో దాని చివర ‘ట’ మరిచారా, కావాలని తీశారా అని అడగబోయాను, అడగను. దీన్ని ఎప్పుడైనా ఇంగ్లీషులోకి తీసుకెళ్ళవలసి వస్తే ఆ మూడు క్రియల దగ్గర ఏం చేయాలో నాకు ఇప్పటికైతే తోచడం లేదు. ‘మేము ముగ్గురం’ దగ్గర కూడా అంతే.

తొలిచిత్తు:

మొదటిసారి మరిచిపోయాను. ఎర్ర పెన్సిలుతో చదువుతున్నప్పుడు కనిపించింది. చేర్చాను, మళ్ళీ తీశాను.

కత్తెర:

‘ఒక్కోసారి చాలాసేపు’ అక్కర్లేదు. అమ్మ చేతిలో పని ఆగిపోయిందన్న వాక్యమే ఆ మాట చెబుతోంది.

తొలిచిత్తు:

తీసేశాను.